పుస్తకం పట్టుకుని మెట్ల కింద దాక్కున్న పిల్ల

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. మా వారు కువైట్‌లో పనిచేస్తారు. పాపకు 11 ఏళ్లు, బాబుకు 8. మూడేళ్లుగా ఇద్దరినీ బడికి పంపకుండా నేనే ఇంట్లో చదివిస్తున్నాను. ఆపితే మరిచిపోతారన్న భయంతో వేసవిలోనూ ఆపలేదు. పొద్దున్నే 6 గంటలకు లేపి 3 గంటలు, మధ్యాహ్నం 2 గంటలు కూర్చోబెడుతున్నాను. మా ఆడపడుచు పిల్లలతో సెలవులకు వచ్చారు. వచ్చిన రెండో రోజున అరుగు మీద అందరి ముందూ బాబును 17వ ఎక్కం అడిగారు. వాడు ఏడో మెట్టు దగ్గర ఆగిపోయాడు. వాళ్ల అబ్బాయి టకటకా చెప్పేశాడు. మర్నాటి నుంచే మధ్యాహ్నం పాఠాలు మొదలుపెట్టాను. మొన్న కాటన్ దొర మీద వ్యాసం రాయమంటే పాప కనబడలేదు. చూస్తే డాబా మెట్ల కింద కథల పుస్తకం చదువుకుంటోంది. కోప్పడ్డాను. ‘బడి పిల్లలకు సెలవులున్నాయి, మాకెందుకు లేవు?’ అంది. అత్తగారు పిల్లల వైపే మాట్లాడతారు. మా వారేమో, ఇంట్లోనే ఉండేవాళ్లకు మళ్లీ సెలవులు ఏమిటంటారు. నాకూ ఓపిక అయిపోతోంది. ఏం చేయను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. మీ పాప దొంగచాటుగా చేసిన పని చదవడం! పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుందామని నిర్ణయించుకున్న రోజున ఇలాంటి పిల్ల కావాలనే కదా మీరు కోరుకుని ఉంటారు? మరి కోపం ఎందుకు వచ్చింది?

ఆ సంగతీ మీరే రాశారు. మధ్యాహ్నం పాఠాలు ఎక్కం తడబడిన మర్నాడు మొదలయ్యాయి. ఆ రెండు గంటలు అరుగు మీద కూర్చున్నవాళ్ల కోసం పెట్టినవి. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. బడికి వెళ్లే పిల్లవాడికి ఎక్కం రాకపోతే మాస్టారిని అంటారు. మీ వాడికి రాకపోతే మిమ్మల్నే అంటారు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో మూడేళ్లుగా ఈ పరీక్షకు కూర్చుంటున్నది పిల్లలకన్నా మీరే. ఓపిక అయిపోక ఏమవుతుంది?

రేపటి నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా, అంటే జూన్ రెండో వారం వరకూ, పాఠాలు ఆపేయండి. తగ్గించడం కాదు, ఆపేయడమే. పుస్తకాలు అటక మీద పెట్టేయండి.

మరిచిపోతారా అంటే, కొంత మరిచిపోతారు. భాగహారాలు, భిన్నాల్లాంటి లెక్కలు వాడకం తప్పితే జారిపోతాయి. అయితే ఒకసారి వచ్చిన లెక్క మళ్లీ పట్టుకోవడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు. చాలా బడుల్లో జూన్ మొదటి రోజులు పాత పాఠాలకే పోతాయి, ఆ సంగతి మీ ఆడపడుచు పిల్లలనే అడగండి. చదివే అలవాటంటారా, మెట్ల కింద దాక్కుని మరీ చదివే పిల్ల గురించి నాకు బెంగ లేదు. రేపు ఎన్.ఐ.ఓ.ఎస్. (బడికి వెళ్లకుండా చదువుకునేవాళ్లకు పరీక్షలు పెట్టే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా పదో తరగతి పరీక్ష రాయించాలనుకున్నా పాపకు 14 ఏళ్లు నిండాలి. ఏడాదికి రెండు విడతలు జరుగుతుంది, ఏప్రిల్-మే నెలల్లో ఒకటి, అక్టోబరు-నవంబరు నెలల్లో ఒకటి. ఈ అయిదారు వారాల్లో తేలిపోయేది ఏమీ లేదు.

అయినా మీ మనసు ఊరుకోదని తెలుసు. పాపకు వారానికి రెండుసార్లు, పొద్దున చల్లగా ఉన్నప్పుడు పావుగంట భిన్నాలు చెప్పుకోండి. బాబుకు అదీ వద్దు. 17వ ఎక్కం మాట వానలు పడేదాకా ఎత్తకండి. రాత్రి పడుకునే ముందు మాత్రం వాళ్లు కోరిన పుస్తకం మీరు పైకి చదవండి. ప్రశ్నలు అడగకండి.

నిద్ర సంగతి చూడండి. రాత్రి డాబా మీద పిల్లలంతా చేరితే కబుర్లు 11 దాకా సాగకుండా ఉండవు. మీరు 6కే లేపుతున్నారు. అంటే 7 గంటలు. ఈ వయసు పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పుస్తకం ముందు బాబు ఆవలిస్తుంటే బద్ధకం అనుకున్నారేమో. పొద్దెక్కేదాకా పడుకోనివ్వండి. మొదటి వారం ఇద్దరూ తోచడం లేదంటూ మీ కొంగు పట్టుకుని తిరుగుతారు, ఫోను అడుగుతారు. ఇవ్వకండి. ఏదో ఒకటి తోస్తుంది.

ఇంకొక మాట. పాఠాలు మానేసి ప్రతి పనినీ పాఠంగా మార్చమని ఈ మధ్య చాలామంది సలహా ఇస్తున్నారు. వంటింట్లో లెక్కలు, తోటలో సైన్సు. నాకు ఆ సలహా మీద గురి లేదు. అది పాఠాన్ని చాటుగా తెచ్చి పెట్టడమే, పిల్లలు ఇట్టే కనిపెడతారు. మా అమ్మమ్మ ఆవకాయ పెట్టే రోజున నా పని ముక్కలు తుడవడం. కత్తిపీట మీద కాయ రెండుగా విడగానే జీడి తీసేసి, టెంక లోపలి పలచటి పొర గోటితో లాగి, పొడిగుడ్డతో ముక్క తుడిచి పళ్లెంలో వేయాలి. ఎక్కడా తడి ఉండకూడదు. పక్కనే ఆమె ఆవపిండి కొలుస్తూ ఉండేది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. నాకెవరూ చెప్పలేదు, చెవిన పడింది. ఆ పూట ఎవరైనా ‘మరి కుంచానికి ఎన్ని గిద్దలు?’ అని అడిగి ఉంటే గుడ్డ అక్కడే పడేసి పారిపోయేదాన్ని. కాబట్టి ఈ ఏడు ఆవకాయలో పిల్లల చేయి పెట్టించండి, ప్రశ్నలు మాత్రం పెట్టకండి.

ఇక మీ సంగతి. వచ్చినవాళ్లకు వంటలు, పిల్లలకు పాఠాలు, ఈ ఉక్కపోత. మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా తలుపు వేసుకుని పడుకోండి. ఆ వేళ పిల్లల్ని అత్తగారికి అప్పగించండి. ‘పిల్లల వైపే మాట్లాడతారు’ అని ఫిర్యాదుగా రాశారు గానీ, నాకు ఆమె మీకు అండగా కనిపిస్తున్నారు. అష్టాచెమ్మా గళ్లు గీసి గవ్వలు చేతికిస్తే ఎండ తగ్గేదాకా పిల్లలందరినీ కూర్చోబెట్టగలరు. మేనత్త పిల్లలతో ఆడుకోవడానికి వీళ్లకు ఏడాదిలో దొరికేవి ఈ నాలుగు వారాలే.

మీ వారితో పిల్లలు లేనప్పుడు విడిగా మాట్లాడండి. దూరాన ఉన్న తండ్రికి ఇంటి మీద అజమాయిషీకి దొరికేది ‘ఈ రోజు ఎన్ని పాఠాలయ్యాయి?’ అన్న ప్రశ్న ఒకటే. దాన్ని ఊరికే లాక్కుంటే నొచ్చుకుంటారు. ‘ఇవాళ ఎవరు గెలిచారు, ముంజలు ఎన్ని తిన్నారు అని అడగండి, గంటసేపు చెబుతారు’ అనండి. ఇంట్లోనే ఉండేవాళ్లకు సెలవులు ఏమిటన్న దానికి నా జవాబు ఇది: బడి పిల్లలకు గంట కొడితే ఇంటికి వెళ్లే దారి ఉంది. మీ పిల్లలకు బడీ ఇల్లూ ఒకటే, టీచరూ అమ్మా ఒకటే. వాళ్లకు సెలవు మీరు ఇస్తేనే ఉంటుంది.

మీ ఆడపడుచుతో, ఆమె మళ్లీ అడగకముందే, నవ్వుతూ చెప్పండి: ‘వదినా, జూన్ దాకా పుస్తకాలు కట్టేశాం. ఎక్కాలు అడగాలంటే నన్ను అడగండి.’ ఆమె పెద్దవారైతే ఈ మాట చాలు. చిన్నవారైతే ఇంకాస్త గట్టిగానే చెప్పవచ్చు.

పంటకాలువలు ఇప్పుడు మరమ్మతుల కోసం కట్టేసి ఉంటాయి. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలాక, తొలి నీరు మీ ఊరు చేరే రోజున పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్లండి. ఎర్రటి నీరు ఎండుటాకుల్ని, చెత్తను తోసుకుంటూ వస్తుంది. దిగనివ్వకండి, ఆ వడి మనం అనుకున్నట్లు ఉండదు. కాటన్ దొర ఎవరో, 1852లో ఆనకట్ట ఎలా పూర్తయిందో పాప అడిగితే చెప్పండి. అడగకపోతే మీరూ ఊరికే నీళ్లు చూస్తూ నిలబడండి.