ఉబుంటు వేశాక నల్ల తెర: ముందు నోమోడ్‌సెట్‌తో లోపలికి వెళ్లండి

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేశారు, రీస్టార్ట్ చేస్తే లోగో వచ్చి తెర నల్లబడుతోంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది అన్నారు కదండీ. మళ్లీ ఫార్మాట్ కొట్టే పని పెట్టుకోకండి. సిస్టమ్ బాగానే ఎక్కి ఉంటుంది. ఉబుంటుతో పాటు వచ్చే నూవో అనే డ్రైవర్‌కీ (కార్డును నడిపే ప్రోగ్రామ్) మీ కార్డుకీ పొసగడం లేదు, చాలావరకు అంతే.

ముందు ఓ చిన్న పరీక్ష. గదిలో లైటు ఆర్పి, తెర మీదికి ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. లాగిన్ పెట్టె మసగ్గా కనబడితే గొడవ బ్యాక్‌లైట్‌ది (తెర వెనక వెలిగే దీపం), కింద చెప్పేది దానికి మందు కాదు.

ఏమీ కనబడలేదా, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసి మళ్లీ ఆన్ చేయండి. కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారే నొక్కాలి. అప్పుడు గ్రబ్ (ఉబుంటును మొదలుపెట్టే ప్రోగ్రామ్) మెనూ వస్తుంది. టకటకా నొక్కితే మెనూ దాటి, కమాండ్లు టైప్ చేసే గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతారు. మెనూలో ఉబుంటు మీద ఉంచి 'ఈ' నొక్కండి. 'లైనక్స్' అని మొదలయ్యే వరుస చివర 'క్వైట్ స్ప్లాష్' ఉంటుంది. దాని పక్కన ఖాళీ వదిలి 'నోమోడ్‌సెట్' (nomodeset) అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఒకే మాటగా కొట్టి ఎఫ్10 నొక్కండి. నూవో జోలికి పోకుండా మామూలు డిస్‌ప్లేతో ఎక్కమని సిస్టమ్‌కి చెప్పే మాట అది. బొమ్మ కాస్త మొద్దుగా ఉన్నా డెస్క్‌టాప్ రావాలి.

ఇది ఆ ఒక్క బూట్‌కే. లోపలికెళ్లగానే 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి, పక్కన 'టెస్టెడ్' అని ఉన్న ఎన్విడియా డ్రైవర్ ఎంచుకోండి. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రామ్‌లనే లోడ్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే ఓ పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెరలో 'ఎన్‌రోల్ మోక్' (Enroll MOK, అంటే డ్రైవర్ సంతకం తాళంచెవిని నమోదు చేయడం) ఎంచుకుని అదే ఇవ్వాలి. చాలామంది కంగారులో అక్కడ మొదటి మెనూలోనే 'కంటిన్యూ బూట్' కొట్టేస్తారు. డ్రైవర్ లోడ్ కాదు, కథ మళ్లీ మొదటికొస్తుంది.

అప్పటికీ రాకపోతే కార్డు మోడల్ పెట్టండి, చూద్దాం.