గలాపగోస్‌లో ఫెర్నాండినా దాకా వెళ్ళడం వర్తేనా?

పసిఫిక్‌లో ఈక్వెడార్‌కి చెందిన గలాపగోస్‌లో శాంతాక్రూజ్ దీవి చుట్టుపక్కల దీవులు చూస్తే సరిపోతుందా, పడమటి చివరున్న ఫెర్నాండినా దీవి దాకా క్రూజ్ తీసుకోవాలా అని అడిగారు కదా. నేను చూసొచ్చాను, డబ్బు, టైమ్ కుదిరితే మాత్రం ఫెర్నాండినా వదలకండి.

ఆ దీవంతా ఒకటే అగ్నిపర్వతం, పేరు లా కుంబ్రే, 2024 మార్చిలో కూడా లావా కక్కింది. మనుషులెవరూ ఉండరు. దిగనిచ్చేది పుంటా ఎస్పినోసా దగ్గరే, అదీ గైడ్ తోడుంటేనే. పడవ దిగ్గానే నల్ల రాళ్ళనుకుని అడుగేయబోతాం, చూస్తే అవి సముద్రపు ఇగువానాలు (పెద్ద బల్లుల్లాంటివి), ఒకదానిమీద ఒకటి పడి ఎండ కాగుతుంటాయి, ఉండుండి ముక్కులోంచి ఉప్పునీళ్ళు చీదుతాయి, ఆ ఉప్పే తలమీద తెల్లగా పేరుకుపోయి ఉంటుంది.

నాకైతే అన్నిటికంటే నచ్చింది ఎగరలేని నీటికాకి. ఇక్కడా, ఎదురుగా ఉన్న ఇసబెలా దీవి తీరంలోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నేలమీద వేటాడే జంతువుల్లేవు, చేపలు ఒడ్డునే దొరుకుతాయి, ఇంక ఎగరాల్సిన పనేముంది, తరతరాలకీ రెక్కలు కురచైపోయాయి. అయినా నీళ్ళలోంచి పైకొచ్చి ఆ చిరుగుల రెక్కల్నే చాపి ఆరబెట్టుకుంటుంది. ఒక మగపక్షి నాచు తెచ్చి గూట్లో ఉన్న ఆడదానికి అందిస్తే అది తీసుకుని అటూ ఇటూ సర్ది మళ్ళీ కూర్చుంది, అలా చూస్తూ ఉండిపోయాను.

ఇవన్నీ బతికేది పడమటి నుంచి వచ్చి అక్కడ పైకి తన్నే చల్లటి లోతు నీళ్ళ వల్లే. 1982-83 ఎల్ నినోకి సముద్రం వేడెక్కి తిండి దొరక్క ఈ నీటికాకులు సుమారు సగం పోయాయి, అంత సున్నితం. ఎలుకలు, పిల్లులు ఈ దీవికి ఇంకా చేరలేదు, 1906 తర్వాత అంతరించిందనుకున్న తాబేలు జాతిలో ఒక ఆడది 2019లో ఇక్కడే దొరికింది. బయటి మొక్కలూ జంతువులూ చేరితే ఇవన్నీ పోతాయి, అందుకే బూట్లు కడగమంటే విసుక్కోకుండా అడుగున ఇరుక్కున్న గింజలు కూడా తీసి శుభ్రంగా కడగండి, ప్లీజ్.

లావా బాగా గరుకు, గట్టి సోల్ ఉన్న బూట్లు వేసుకోండి, నీడ ఉండదు కాబట్టి టోపీ తప్పనిసరి. పార్క్ ఫీజు 2024 ఆగస్టు నుంచి చాలామంది విదేశీయులకి 200 డాలర్లు. బుక్ చేసేముందు రూట్‌లో పుంటా ఎస్పినోసా ఉందో లేదో అడగండి, అన్ని పడవలూ అటు వెళ్ళవు.