ఇసుకలోకి వెళ్తున్న అమ్మలుకి

చి. అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

బట్టమేక పిట్టల పరిశోధనకు జైసల్మేర్ అవతల సామ్ దగ్గర నాలుగు నెలలు ఉంటావని మీ అమ్మ చెప్పింది. మన రోళ్ళపాడు అభయారణ్యంలో దాదాపు మాయమైన పిట్ట కోసం మన పిల్ల వెళ్తోందంటే గర్వంగానే ఉంది. కానీ నువ్వు వెళ్లేది జూలైలో. థార్‌లో పాములు బాగా తిరిగే కాలం అదే.

అక్కడివాళ్లు బాండీ అనేది మన చిన్న పింజర జాతిదే. మూర, మహా అయితే మూరన్నర. ఇసుక రంగు ఒళ్లు, తల మీద బాణం ములికి లాంటి తెల్ల గుర్తు. మడతలు పడి పక్క పొలుసులు రాసుకుంటుంటే వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్‌మంటుంది. ఆ చప్పుడు వినగానే ఆగు. అదెక్కడుందో కళ్లబడ్డాకే వెనక్కి తగ్గు. పగలు కైర్, ఫోగ్ పొదల మొదట్లో, ఎలుక బొరియల్లో ఉంటుంది. వాన పడి నేల తడిస్తే పొదలెక్కుతుంది, అప్పుడు నీ మోచేతి ఎత్తులో ఉండొచ్చు. పొద్దున్నే గుడారం చుట్టూ ఇసుకలో ఏటవాలు గీతలు వరసగా కనిపిస్తే రాత్రి అది వచ్చి వెళ్లినట్టే.

పొద్దుగూకాక టార్చి లేకుండా ఒక్క అడుగు వేయకు. పుల్లలు చేత్తో ఏరకు.

నాకు ఎక్కువ దిగులు పీవణా గురించి. నిద్రలో గుండెల మీదెక్కి ఊపిరి తాగేస్తుందని అక్కడి నమ్మకం. నిజానికది సింధ్ కట్లపాము. నిద్రలో కాటేస్తే నొప్పి ఉండదు, గుర్తు కూడా సరిగా కనబడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలడం, మింగలేకపోవడం, చివరకు శ్వాస కండరాలు పడిపోవడం. కాబట్టి నేల మీద పడుకోవద్దు తల్లీ. నులక మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందికి దోపాలి. రెప్పలు బరువెక్కితే, కాటు కనబడకపోయినా, ఆసుపత్రికే.

ఇక మన ఇళ్లలో పాతుకుపోయిన తప్పు ఒకటుంది. కాటు పడగానే తువ్వాలు చింపి పైన బిగించి కట్టడం. చదువుకున్నదానివే, కానీ భయంలో చేతులు చిన్నప్పుడు చూసిందే చేస్తాయి. ఆ కట్టు మీద ఆధారపడి విషం ఆగిందనుకుంటే పొరపాటు. రక్తం అందక కింది భాగం చచ్చుబడుతుంది. బాండీ విషం ఎలాగూ వాపు తెచ్చి కండను తినేస్తుంది, కట్టు దాన్ని ఇంకా ముదురుస్తుంది. హఠాత్తుగా విప్పితే కింద పేరుకున్న విషం ఒక్కసారే ఒంట్లోకి పోయి మనిషి కుప్పకూలవచ్చు. ఎవరైనా కట్టేసి ఉంటే దారిలో విప్పకు. విరుగుడు సిద్ధంగా పెట్టుకుని డాక్టర్లే విప్పాలి. బ్లేడుతో గాటు పెట్టడం మరీ ఘోరం. ఈ విషం రక్తంలో గడ్డకట్టించే పదార్థాలను హరించేస్తుంది, కోసిన చోట నెత్తురు ఆగదు. నోటితో పీల్చడాలు, మంత్రాలు అసలే వద్దు.

చేయాల్సింది కొంచెమే. ఉంగరం, గాజులు, వాచీ తీసెయ్. ఎముక విరిగినట్టు కాటు పడ్డ కాలికి బద్ద పెట్టి వదులుగా కట్టించుకో, నడవకు. టైము రాసి పెట్టు. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మింగకు, రక్తస్రావం పెరుగుతుంది.

జైసల్మేర్ అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. క్యాంపులో రాత్రిళ్లు కూడా బండి, డ్రైవరు ఉండేలా మీ మేడమ్‌ను అడుగు. మొహమాటపడ్డావంటే ఊరుకోను. విరుగుడు మందు, వెంటిలేటరు ఉన్నాయా అని ఆసుపత్రికి ముందే వెళ్లి కనుక్కో. మొదటి మోతాదే 8 నుంచి 10 సీసాలు. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే మందు మొదలుపెడతారు. మొదటిసారి గడ్డకట్టినా ఇంటికి పంపిస్తామంటే ఒప్పుకోకు, గంటల తర్వాత కూడా మారవచ్చు. ఇంకో మాట. మన దేశపు విరుగుడు తయారీకి కావాల్సిన విషం ఎక్కువగా చెన్నై దగ్గరి, పాములు పట్టే ఇరుళర్ల సహకార సంఘం నుంచి వస్తుంది. వాళ్లు పట్టేవి దక్షిణాది పాములు. పశ్చిమ రాజస్థాన్ బాండీ మీద ఆ మందు అంతగా పనిచేయకపోవచ్చు. అందుకే నా బలమంతా కాటు పడకుండా చూసుకోవడం మీదే.

చిన్నప్పుడు చెప్పులు గుమ్మంలోనే వదిలేసి పరుగెత్తేదానివి. చీలమండ దాటి నాలుగంగుళాలు ఎత్తున్న తోలు బూట్లు కొంటున్నాను. రాత్రి విప్పితే తలకిందులుగా తగిలించు, పొద్దున దులిపి తొడుక్కో. నీ పాదం కొలత కాగితం మీద గీసి ఈ వారంలోపు పంపు.

మీ మామయ్య