మూడున్నరేళ్లకే పెన్సిల్ పట్టించాలా? విదేశీ పరిశోధనలు మన పిల్లలకు పనికొస్తాయా?

అనంతపురంలో ఉంటున్నామని, మూడున్నరేళ్ల బాబును రాత నేర్పే నర్సరీకి పంపాలా, ఆటలాడించే అంగన్‌వాడీకి పంపాలా అని అడిగారు. పరిశోధనలన్నీ అమెరికావే కదా, మనకేం పనికొస్తాయని కూడా అన్నారు. ముందు ఆ అనుమానం సంగతి చూద్దాం.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2002 ప్రాంతంలో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను కూడా ఎంచుకుంది. ఇక్కడ సుమారు 3,000 మంది పిల్లల పెంపకాన్ని, చదువును ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో మీ అనంతపురం పిల్లలూ మా కడప జిల్లా పిల్లలూ ఉన్నారు. అప్పుడు ఉయ్యాలలో ఉన్నవాళ్లు ఇప్పుడు ఇరవై దాటారు. కాబట్టి పరిశోధనలన్నీ అమెరికావే కావు.

ఇక నా సంగతి. మాది ప్రొద్దుటూరు. మా పెద్దవాడిని మూడేళ్లు నిండగానే ఊళ్లోని ఒక ప్రైవేటు నర్సరీలో వేశాం. నాలుగు గీతల నోటు పుస్తకం, రోజూ రెండు పేజీల హోంవర్క్. వాడు పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుని, నాలుక బయటపెట్టి, కాగితం చిరిగేదాకా ఒత్తేవాడు. అరపేజీకే వేళ్లు నొప్పని ఏడుపు. చేయి పట్టి రాయించింది నేనే, తప్పు బడి ఒక్కదాని మీదే వేయను. యూకేజీకి వచ్చేసరికి పుస్తకం కనిపిస్తే మంచం కింద దూరేవాడు.

రెండోది అమ్మాయి. ఆ చిన్నతనంలో దానికి అసలైన గురువు మా అత్తగారు. ఆవిడ చేటలో వేరుశనగ కాయలు పోసుకుని ఒలుస్తుంటే పిల్ల పక్కన చేరేది. ఆవిడ ఒక కాయను పిల్ల చెవి దగ్గర గలగలలాడించి "ఇందులో ఎన్ని గింజలే?" అని అడిగి ఊరుకునేవారు. వెంటనే ఒలిచేవారు కాదు. పిల్ల కాయను తడిమి, నడుము ఎన్నిచోట్ల నొక్కుకుపోయిందో చూసి "రెండు" అనేది. అప్పుడు ఒలిచేవారు. మూడు వస్తే ఇద్దరికీ పండగే.

జమైకా అధ్యయనం గురించి చదివినప్పుడు నాకు ఆ చేటే గుర్తొచ్చింది. 1986-87లో కింగ్‌స్టన్ పేటల్లో ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లలను తీసుకున్నారు. అందరూ రెండేళ్ల లోపువాళ్లే. పరిశోధకురాలు శాలీ గ్రంథమ్-మెక్‌గ్రెగర్ బృందం వాళ్లలో కొందరి ఇళ్లకు స్థానిక ఆరోగ్య కార్యకర్తలను వారానికి ఒక గంట చొప్పున రెండేళ్లు పంపింది. పాత సీసాలు, డబ్బాలతో చేసిన బొమ్మలతో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో వాళ్లు తల్లికి చూపించేవారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన మిగతావాళ్లకంటే 25 శాతం ఎక్కువ. అదనపు పోషకాహారం ఒక్కటే అందినవాళ్లలో ఆ లాభం నిలవలేదు. నన్నడిగితే మనకు దగ్గరి పాఠం ఇదే.

పేద పిల్లలు మంచి ప్రీస్కూల్‌కు వెళ్లి పెద్దయ్యాక బాగుపడ్డారని అందరూ చెప్పే అమెరికా పెర్రీ ప్రీస్కూల్ కథ 1962 నాటిది, మొత్తం 123 మంది పిల్లలు. అక్కడ కూడా టీచర్లు ప్రతి వారం పిల్లల ఇళ్లకు వెళ్లేవారు. దాన్ని చూపించి మన వీధి చివరి నర్సరీ ఫీజు వసూలు చేయడం అన్యాయం. బడికి పంపితే చాలు, లాభమే అనుకోవడమూ పొరపాటే. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ప్రభుత్వ ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కు ముందు) తరగతులకు వెళ్లిన పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి, సీటు రానివాళ్లకంటే వెనకబడ్డారని 2022లో తేలింది.

అలాగని అంగన్‌వాడీని నెత్తిన పెట్టుకోను. మా వీధి కేంద్రంలో టీచరమ్మ మంచి మనిషి. కానీ బరువులు, కోడిగుడ్లు, రిజిస్టర్లు, ఫోనులో వివరాలు ఎక్కించడం, వీటితోనే పొద్దు గడిచిపోయేది. ఆయా వంటలో ఉండేది. పిల్లలు పాట పాడింది ఎప్పుడో గానీ లేదు. తమిళనాడులో పరిశోధకులు కొన్ని కేంద్రాలకు చదువు కోసమే సగం పూట పనిచేసే మనిషిని అదనంగా ఇచ్చి చూశారు. చదువు చెప్పే సమయం రెట్టింపైంది, పిల్లల భాష, లెక్కలు మెరుగయ్యాయి, పోషకాహార లోపం కూడా తగ్గింది. లోటు ఎక్కడుందో చూడండి.

కాబట్టి బోర్డు మీద పేరు చూడకండి. రెండుచోట్లా ఒక పూట గుమ్మం దగ్గర నిలబడండి. టీచరు పిల్లవాణ్ణి ఏదైనా అడిగాక జవాబు వచ్చేదాకా ఆగుతున్నారా, లేక తామే చెప్పి అందరిచేతా వల్లె వేయిస్తున్నారా? పిల్లలు నోరు విప్పే చోటికి పంపండి. పెన్సిల్‌కు తొందరలేదు. ముందు బంకమట్టి పిసకనివ్వండి, చింతగింజలు ఏరనివ్వండి, పలక మీద బలపంతో పిచ్చి గీతలు గీయనివ్వండి. వేళ్లకు బలం అక్కడే వస్తుంది.

మా అమ్మాయిని ఆ వీధి కేంద్రానికే పంపి, మిగతాది ఇంట్లో చూసుకున్నాం. అక్షరాలు ఐదేళ్లు నిండాక మొదలుపెట్టింది, రెండు నెలల్లో పట్టేసింది. ఒక్క 'ఋ'తో మాత్రం ఇప్పటికీ దానికి తగాదానే.