ఫెలోషిప్ మ్యాచ్ కాకపోతే మళ్లీ అప్లై చేయవచ్చా?

చేయవచ్చు, అమెరికాలో కార్డియాలజీ (గుండె వైద్యం) లాంటి ప్రత్యేక విభాగంలో డాక్టర్లకు పై శిక్షణ ఇచ్చే ఫెలోషిప్‌కి ఒకసారి మ్యాచ్ కాకపోయినా (అంటే సీటు రాకపోయినా) మరుసటి ఏడాది మళ్లీ అప్లై చేసుకోవచ్చు. సీట్లకన్నా అభ్యర్థులే ఎక్కువ కాబట్టి అన్ని అర్హతలూ ఉన్న మంచి డాక్టర్లు కూడా మిగిలిపోతారు. అయితే పాత అప్లికేషన్‌నే మళ్లీ పంపితే పాత ఫలితమే రావచ్చు. ఈ మధ్యలో ఏం చేశారన్నది చూస్తారు.

ఉదాహరణకు, 3 ఏళ్ల ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (స్పెషలిస్టు శిక్షణ) అయ్యాక, ఆసుపత్రిలో చేరిన రోగులను చూసే హాస్పిటలిస్ట్‌గా పనిచేస్తూ, ఒక కార్డియాలజిస్టుతో కూర్చుని ఎకో (గుండె స్కాన్) రిపోర్టులు పరిశీలించి పేపర్ రాశారనుకోండి. పనిని దగ్గరుండి చూసిన మనిషే సిఫారసు లేఖ రాస్తారు. అలాంటి లేఖకి చాలా బలం ఉంటుంది.

ఇంకా ఎక్కువ ప్రోగ్రాములకు అప్లై చేస్తే చాలనుకోవడం చాలామంది పడే పొరపాటు. ఇంటర్వ్యూలు వచ్చి కూడా మ్యాచ్ కాలేదంటే సరిచూసుకోవలసింది ఇంటర్వ్యూనీ, ర్యాంక్ లిస్టునీ (కావలసిన ప్రోగ్రాములను వరుసలో పెట్టి ఇచ్చే జాబితా).