పిల్లికూన కోసం ఎఫ్‌డీ తీసేయనా?

ప్రశ్న: మా చుక్క 14 ఏళ్ళు మాతో ఉండి, రెండు నెలల క్రితం కిడ్నీ జబ్బుతో పోయింది. తెలుపు, నలుపు, నారింజ కలిసిన మూడు రంగుల పిల్లి. ముఖం సగం నలుపు, సగం నారింజ. చివరి ఆరు వారాల వైద్యానికి దాదాపు నా రెండు నెలల జీతం అయింది. అందులో సగం ఇంకా క్రెడిట్ కార్డు మీదే ఉంది, నెలనెలా మినిమమ్ కడుతున్నాను. ఇల్లంతా బోసిగా ఉంది. సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి రాబుద్ధి కావడం లేదు. ఈమధ్య ఇంటర్నెట్‌లో అచ్చం చుక్కలాంటి కూన కనబడింది. అమ్మే అతను నా నెలన్నర జీతమంత అడుగుతున్నాడు. సగం ముందే పంపితే వేరేవాళ్ళకు ఇవ్వకుండా ఉంచుతానంటున్నాడు. నా పేరున ఒక ఎఫ్‌డీ ఉంది, ఇంకో ఏడాదికి మెచ్యూర్ అవుతుంది. దాన్ని తీసేయనా, పర్సనల్ లోన్ తీసుకోనా? మావారు 'ఇంక పిల్లులొద్దు, ఆ ఖర్చులొద్దు' అంటున్నారు. కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేశాను.
– ఓ పాఠకురాలు

జవాబు: ఎఫ్‌డీ తీసేయండి. కాకపోతే కూన కోసం కాదు, కార్డు బాకీ కోసం. లోన్ వద్దు. ఆ అమ్మేవాడికి పైసా కూడా పంపొద్దు. పిల్లిని మాత్రం తెచ్చుకోండి, ఒక నాలుగు నెలలాగి. మీరున్న మనసుతో ఇంత పొడుగు జవాబు చివరిదాకా చదవగలరో లేదో అని తేల్చాల్సింది ముందే తేల్చేశాను. ఇక తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ బ్యాంకు స్టేట్‌మెంట్ చూశాను. ప్రతి నెలా 3వ తేదీన ఒకే మొత్తం ఆటోపేలో పోతోంది. వివరాల దగ్గర పిల్లి ఆహారం, ఇసుక అని ఉంది. చుక్క పోయాక కూడా రెండుసార్లు పోయింది. అంటే మీ ఇంట్లో ఏదో మూల విప్పని ఇసుక సంచులు రెండు పడి ఉండాలి. ఉత్తరంలో మీరు వాటి ఊసెత్తలేదు. ఆపేస్తే చుక్క లేదని ఒప్పుకున్నట్టు అవుతుందని చెయ్యి రాలేదేమో. అందులో మిమ్మల్ని తప్పుపట్టేదేమీ లేదు. పైగా నాకు పనికొచ్చే సంగతి అదే. పిల్లి ఖర్చు మీ జీతంలో ఏళ్ళ తరబడి ఇమిడిపోయి ఉంది, ఇప్పటికీ ఇమిడే ఉంది. కొత్త పిల్లిని పోషించగలరా అన్న అనుమానం నాకు లేదు. నా అనుమానమల్లా ఆ పిల్లికి అర్ధరాత్రి ఏదైనా అయితే మీ చేతిలో ఏముంటుంది అన్నదే.

ముందు కార్డు సంగతి. మినిమమ్ కడుతున్నారంటే ఆ డబ్బులో ఎక్కువ భాగం వడ్డీకే పోతోంది, అసలు ఉన్నచోటే ఉంటోంది. కార్డు మీద వడ్డీ మీ ఎఫ్‌డీ ఇచ్చే వడ్డీకి ఎన్నో రెట్లు. ఒక చేత్తో తక్కువ వడ్డీకి డబ్బు దాచుకుంటూ, ఇంకో చేత్తో ఎక్కువ వడ్డీకి అప్పు మోస్తున్నారు. ఇంకో నష్టం కూడా ఉంది, చాలామంది గమనించరు. పాత బాకీ పూర్తిగా తీర్చనంత కాలం చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్ళకు వడ్డీలేని గడువు ఉండదు. ఈ రెండు నెలలుగా మీరు కార్డుతో కొన్న ఇంటి సరుకుల మీద కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతోంది. స్టేట్‌మెంట్ రెండో పేజీ అడుగున ఉంది, చూడండి. గడువుకు ముందే ఎఫ్‌డీ తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, పడనీయండి. ఒక్క నెల కార్డు వడ్డీ ముందు ఆ కోత ఏపాటిది? మీరు పంపిన వివరాల ప్రకారం ఎఫ్‌డీ మొత్తం కార్డు బాకీకి సరిపోయి, ఇంకాస్త మిగులుతుంది. ఆ మిగిలింది ముట్టుకోకండి. దాని పని తర్వాత చెబుతాను.

ఇక కూన ధర. మీ ఉత్తరం అంతా దాని చుట్టూనే తిరిగింది. నా లెక్కలో మాత్రం అది ఓ మూలకు పోయే అంకె. ఇంట్లోనే పెరిగే పిల్లి సాధారణంగా 12 నుంచి 18 ఏళ్ళు బతుకుతుంది. సగటున 15 ఏళ్ళనుకుంటే 180 నెలలు. ఆ 3వ తేదీ మొత్తాన్ని 180తో గుణించి ఒక కాగితం మీద రాయండి. పక్కన అతనడిగిన ధర రాయండి. అసలు నిర్ణయం ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

పైగా ఆ 180 నెలలూ ఒక్కలా ఉండవు. రెండు చివర్లా ఎత్తు, నడుమ పల్లం. మొదటి ఏడాది టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు దాటేదాకా నడుస్తాయి. నులిపురుగుల మందు, రేబిస్ టీకా, ఐదో నెల ప్రాంతంలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా ఆ ఏడాదే. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఏడాదికోసారి చెకప్, తిండి, ఇసుక తప్ప పెద్దగా ఏమీ ఉండదు. పదేళ్ళు దాటాక మళ్ళీ ఎత్తు మొదలవుతుంది. ఆర్నెల్లకోసారి చెకప్, రక్త పరీక్షలు, పళ్ళు, థైరాయిడ్, కిడ్నీలు. కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చాలా భాగం దెబ్బతిన్నాక గానీ పిల్లి బయటపడనివ్వదు. చుక్క విషయంలో మీరు ఆలస్యం చేశారని మీలో మీరు అనుకుంటుంటే ఆ మాట మానేయండి.

చుక్కతో జరిగిన పొరపాటు డబ్బు విషయంలోనే, అదీ నడుమ పల్లంలో. ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఖర్చు లేని కాలం గడిచింది. అప్పుడు నెలకు కాస్త పక్కన పెట్టి ఉంటే చివరి ఆరు వారాలు కార్డు గీకాల్సి వచ్చేది కాదు. అందరూ చేసేదే ఇది. పెళ్ళికి దాచినట్టు పిల్లి ముసలితనానికి ఎవరు దాస్తారు? ఈసారి మీరు దాచండి.

ఎలాగంటే, ఈ నెల నుంచే విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. దానికి కూన పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఎఫ్‌డీలో మిగిలింది అందులో వేయండి. ప్రతి 3వ తేదీన ఆహారం, ఇసుకల మొత్తం, దాంతో పాటు ఇన్నాళ్ళూ కార్డుకు కట్టిన మినిమమ్ అందులోకి పోవాలి. రెండూ ఇప్పటికే మీ జీతంలోంచి పోతున్నవే కాబట్టి కొత్తగా బిగించుకోవాల్సింది ఏమీ లేదు. ఎంత జమ కావాలన్నదానికి కొలత కూడా మీ దగ్గరే ఉంది. స్టేట్‌మెంట్‌లో ఒక రాత్రి 11 దాటాక కట్టిన ఆసుపత్రి బిల్లు కనిపించింది. చుక్కను ఎమర్జెన్సీకి తీసుకెళ్ళిన రాత్రి అయి ఉంటుంది. కూన ఇంట్లో అడుగుపెట్టే నాటికి ఖాతాలో అంత ఉండాలి. మీరు పంపిన అంకెలతో వేస్తే నాలుగో నెలకు చేరుతుంది. నాలుగు నెలలన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. దుఃఖం ఎన్నాళ్ళుండాలో చెప్పడానికి నేనెవరిని!

ఆ డబ్బు ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ. మగ పిల్లుల్లో మూత్రం దారి సన్నం. అడ్డుపడితే ఇసుక డబ్బాలోకి పదేపదే వెళ్తుంది, కూర్చుంటుంది, ఒక్క బొట్టు మూత్రం కూడా రాదు. వెంటనే వైద్యం అందకపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. అది ఆదివారం రాత్రి జరిగితే 'జీతం పడ్డాక చూద్దాం' అనడానికి లేదు. పెట్ ఇన్సూరెన్స్ అందుబాటులో ఉంటే కూన చిన్నగా ఉన్నప్పుడే ధర కనుక్కోండి. ముందే ఉన్న జబ్బులకు వర్తించదు, మొదట్లో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, మామూలు టీకాలు సాధారణంగా అందులోకి రావు. కాబట్టి పాలసీ ఉన్నా ఈ ఖాతా ఉండాల్సిందే.

ఇప్పుడు మీకు కాస్త కష్టంగా ఉండే మాట. అచ్చం చుక్కలాంటి కూనకు అతను నెలన్నర జీతం అడుగుతున్నాడంటే, అందులో ఎక్కువ భాగం పోలికకే. మూడు రంగులన్నది జాతి కాదు. నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడ పిల్లికి రెండు ఎక్స్‌లు, మగదానికి ఒక్కటే. ఒంట్లో ఒక్కో కణంలో ఒక్కో ఎక్స్ మూతపడుతుంది, ఏ కణంలో ఏది మూతపడాలన్నది తల్లి కడుపులోనే లాటరీలా తేలిపోతుంది. మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే కావడానికి కారణం అదే. 2001 డిసెంబర్‌లో అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ప్రపంచంలోనే మొదటి క్లోనింగ్ పిల్లి, అంటే ఇంకో పిల్లి కణం నుంచి తయారుచేసిన నకలు, పుట్టింది. పేరు సీసీ. కణం ఇచ్చింది రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి. జన్యువులు అవే, అయినా సీసీ ఒంటి మీద నారింజ మచ్చ ఒక్కటీ లేదు. ప్రయోగశాలలోనే కుదరని పోలికను ఫోటో చూపించి అమ్ముతున్నవాడికి మీరు అడ్వాన్స్ పంపబోతున్నారు.

ఆ పద్ధతి కూడా నాకు నచ్చలేదు. 'సగం పంపండి, వేరేవాళ్ళకు ఇవ్వను' అనడం, ఆ తర్వాత రవాణా ఖర్చు, ఆ తర్వాత బోను ఖర్చు, ఆ తర్వాత డాక్టర్ సర్టిఫికెట్ ఖర్చు... ఇది మోసగాళ్ళు నడిచి నడిచి అరిగిన దారి. ఇతను నిజాయితీపరుడే కావచ్చు. అయితే వీడియో కాల్‌లో తల్లిపిల్లిని, కూనను కలిపి చూపించడానికి అభ్యంతరం ఉండకూడదు. అడిగి చూడండి, నెట్‌వర్క్ బాగోలేదంటే అక్కడితో వదిలేయండి.

ఎదురుగా చూసి తెచ్చుకున్నా మోసపోవచ్చు. నేనే సాక్ష్యం. మా పిల్లి పోయిన తొమ్మిదో రోజున, మీలాగే ఉండబట్టలేక, ఒకరి దగ్గర కూనను తెచ్చాను. 'ఎనిమిది వారాలండీ' అన్నారు. మర్నాడు డాక్టర్ త్రాసు మీద పెడితే 450 గ్రాములు తూగింది. ఆవిడ దాని నోరు తెరిచి పళ్ళు చూసి, కళ్ళలోకి టార్చి కొట్టి, 'కళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి, ఐదు వారాలు కూడా నిండినట్టు లేదు' అంది. కూనల కళ్ళ నీలం ఆరేడు వారాలప్పుడు మారడం మొదలవుతుందని నాకు అప్పుడే తెలిసింది. తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు, వీలైతే పన్నెండు ఉండాల్సినది. రాత్రిళ్ళు లేచి మెత్తటి తిండి వేలితో నాకించాను. ఆ నెల డాక్టర్ బిల్లులు కూన ధరను దాటిపోయాయి. డబ్బు సలహాలు చెప్పేవాడి ఇంట్లోనే ఇలా జరిగిందని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

జాతి పిల్లే కావాలనుకుంటే వంశంలో వచ్చే జబ్బుల సంగతి అడగండి. పర్షియన్‌లలో కిడ్నీల్లో నీటి తిత్తులు పుట్టే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది, దానికి జన్యు పరీక్ష ఉంది. ఆ రిపోర్టు చూపించకపోతే కొనొద్దు, కిడ్నీ బిల్లులు మీరు ఒకసారి కట్టారు చాలు. స్కాటిష్ ఫోల్డ్ చెవుల్ని ముద్దుగా మడతపెట్టే లోపమే దాని కీళ్ళనూ పాడుచేస్తుంది. ఆ జాతిని నేనైతే ఊరికే ఇచ్చినా తీసుకోను. లేదూ, షెల్టర్ నుంచి రెండు మూడేళ్ళ పిల్లిని దత్తత తీసుకుంటారా, మొదటి ఏడాది ఎత్తు చాలావరకు తప్పుతుంది. ఆపరేషన్, టీకాలు తరచూ అయిపోయే ఉంటాయి, దాని స్వభావం కూడా అక్కడివాళ్ళు చెబుతారు. మీరు అడిగింది కూన గురించి కాబట్టి ఇంతకంటే ఒత్తిడి చేయను.

చుక్క సామాన్లు పారేయొద్దు. కిడ్నీ జబ్బు అంటుకునేది కాదు. గిన్నెలు, ఇసుక డబ్బా, మోసుకెళ్ళే బుట్ట శుభ్రంగా కడిగి వాడుకోవచ్చు. పిల్లి పాన్‌ల్యూకోపీనియా అనే అంటువ్యాధితో పోయిన ఇల్లయితే వేరే మాట. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా బతికి ఉండగలదు, మామూలు సబ్బుకు చావదు.

మీవారి విషయం ఒక్క మాట. 'ఖర్చులొద్దు' అన్నారని రాశారు. కానీ ఆ రాత్రి ఆసుపత్రి బిల్లు కట్టింది మీ ఇద్దరి జాయింట్ ఖాతా నుంచి, వారం తర్వాత ఇంకోటి కూడా. ఆయన వద్దంటున్నది ఖర్చు ఒక్కటే కాదనిపిస్తోంది. కార్డు తీర్చాక, కొత్త ఖాతా పాస్‌బుక్ చూపించి మాట్లాడండి. అప్పుడు ఖర్చు సంగతి పక్కకు పోయి, చెప్పాల్సిందేదో ఆయనే చెబుతారు.

విప్పని ఇసుక సంచులు పాడవవు, పొడిగా ఉన్నచోట ఉంచండి. ఆహారం ప్యాకెట్ల మీద మాత్రం తేదీ చూసి, నాలుగు నెలలు ఆగనివి దగ్గర్లోని షెల్టర్‌కు ఇచ్చేయండి. ఆటోపే ఈ రాత్రికే ఆపండి, 3వ తేదీ ఎంతో దూరంలో లేదు.