జోక్ ఎంతవరకు, తిట్టు ఎక్కడి నుంచి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు, వాళ్లేమో జోక్ అంటున్నారు మాకేమో గుచ్చుకుంటోంది అని కొందరు, మేం సరదాకి అంటే తిట్టాం అని గొడవ చేస్తున్నారు అని ఇంకొందరు. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి ఉంచేసి ఇవే తీసుకున్నా.

ప్రశ్న: ఫ్రెషర్స్ డేకి స్కిట్ వేశాం, లెక్చరర్లందరినీ ఇమిటేట్ చేశాం. మా ఫిజిక్స్ సార్‌కి చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు ఈడుస్తూ నడుస్తారు, మా ఫ్రెండ్ అచ్చం అలాగే నడిచి చూపించాడు, హాలంతా ఒకటే ఈలలు. సార్ మధ్యలో లేచి వెళ్లిపోయారు, ఇప్పుడు మాతో మాట్లాడట్లేదు. మిగతా సార్లంతా నవ్వుకున్నారు కదా, అందరినీ సమానంగానే చేశాం కదా, ఈయనొక్కరికే ఎందుకంత కోపం?
బీటెక్ స్టూడెంట్, మధురవాడ

జవాబు: సమానంగా చేయలేదు తమ్ముడూ. మిగతా సార్లలో ఏం చూపించారో ఒకసారి గుర్తు తెచ్చుకో. ఒకాయన మాటకి ముందోసారి వెనకోసారి ‘అర్థమైందా’ అనడం, ఇంకొకాయన అటెండెన్స్ తీసుకుంటూ సెల్ చూసుకోవడం, ఇలాంటివే అయ్యుంటాయి. అవన్నీ వాళ్లు చేసే పనులు, మానుకోవాలంటే రేపు పొద్దున్నే మానుకోవచ్చు, అందుకే వాళ్లు కూడా నవ్వగలిగారు. ఈ సార్ దగ్గరకొచ్చేసరికి ఆయన పాఠం ఎలా చెప్తారో, క్లాసులో ఏమంటారో ఏదీ తీసుకోలేదు మీరు, కాలు తీసుకున్నారు. ఆయన రోజూ ఆ కాలితోనే మూడో ఫ్లోర్ ఎక్కి మీకు క్లాస్ చెప్పాలి, ఇప్పుడు మెట్టు మెట్టుకీ ఆ ఈలలు గుర్తొస్తాయి.

పాతకాలంలో ఊళ్లలోకి పగటివేషగాళ్లు వచ్చేవాళ్లు. పిట్టలదొర వేషం చూడు, చిరిగిన కోటు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకీ, నోరు తెరిస్తే కోతలే. అక్కడ నవ్వొచ్చేది ఆ డాబుకి, లేనిది ఉన్నట్టు చెప్పుకునే గొప్పలకి. ఊళ్లో పెద్దమనుషుల ముందే నిలబడి ఆ పెద్దమనుషుల తీరునే వేషం కట్టేవాళ్లు, దానికి గుండె కావాలి. నడవడానికి కష్టపడే మనిషిలా నడిచి చూపించడానికి ఏ గుండే అక్కర్లేదు.

సినిమాల్లో వికలాంగుల్ని చూపించే తీరు మీద 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, అందులో ఈ తేడానే చెప్పింది, వైకల్యంతో బతుకు ఎలా ఉంటుందో అర్థమయ్యేలా నవ్వించేది వేరు, ఆ మనిషిని చిన్నబుచ్చేది వేరు, రెండిటినీ ఒకే గాట కట్టకూడదని. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 92 ప్రకారం అవమానించాలనే ఉద్దేశంతో నలుగురిలో వికలాంగుల్ని కించపరిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. మీ మీద కేసు పెడతారని చెప్పట్లేదు, ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలని చెప్తున్నా. గుంపుగా కాకుండా ఆ నడిచి చూపించిన అబ్బాయి, స్కిట్ రాసిన నువ్వు, ఇద్దరే వెళ్లండి. ‘మీరు ఫీలయ్యుంటే సారీ సార్’ అని మాత్రం అనొద్దు, అలా అంటే తప్పు ఆయన ఫీలవడంలో ఉన్నట్టు అవుతుంది. చేసింది తప్పు సార్ అనండి చాలు.

ప్రశ్న: మాది పాలకొండ వైపు పల్లెటూరు, వైజాగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మీటింగ్‌లో ఒకసారి ‘ఏటి’ అన్నానని, ఇంకోసారి ‘బేగి ఇచ్చేయండి’ అన్నానని, ఇక ఆ రోజు నుంచి టీమంతా నా యాసలోనే నాతో మాట్లాడుతున్నారు. మా లీడ్ అయితే నేను నోరు తెరిచేలోపే ‘ఒలే’ మొదలెడతాడు. సరదాగా తీసుకో అంటారు. నేనిప్పుడు మీటింగుల్లో మాట్లాడటమే తగ్గించేశా.
పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చదివాక నాకు నిజంగా కోపం వచ్చింది. వైజాగ్‌లో కూర్చుని ఉత్తరాంధ్ర మాటని వెక్కిరించడం ఏంటసలు, ఈ మాట ఈ ఊరిదే కదా, పూర్ణా మార్కెట్‌కి వెళ్లినా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లినా చెవిన పడేది ఇదే. ఏళ్ల తరబడి సినిమాల్లో పనిమనిషికో వాచ్‌మన్‌కో అమాయకుడికో ఈ యాస పెట్టి పెట్టి, వినగానే నవ్వాలి అని జనానికి అలవాటు చేసేశారు. తెలంగాణ మాటకీ ఒకప్పుడు ఇదే గతి, ఇప్పుడు హీరోలే ఆ మాట మాట్లాడుతున్నారు, మన దగ్గర ఇంకా ఆ మార్పు సరిగ్గా రాలేదు.

ఇక్కడే ప్లీడరీ చేసిన రావిశాస్త్రి గారు కథల నిండా ఈ మాటే రాశారు. దొంగసారా అమ్ముకునేవాళ్లు, కోర్టు దగ్గర పడిగాపులు పడేవాళ్లు ఎలా మాట్లాడతారో అలాగే. చదువుతుంటే నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు లంచం తినే పోలీసు మీదకీ, పేదవాడికి అందని న్యాయం మీదకీ పోతుంది గానీ మాట్లాడే మనిషి మీదకి రాదు. యాసతో నవ్వించొచ్చు అనడానికి అంతకన్నా ఏం కావాలి. మీ లీడ్ చేసేది అది కాదు, మీరు చెప్పే పని విషయం వినకుండా చెప్పే తీరుని పట్టుకుంటున్నాడు, దాంతో మీ ఐడియా గాల్లో కలిసిపోతోంది. ముందు ఆయనతో విడిగా చెప్పండి, ఇది నా పనికి అడ్డొస్తోంది అని సూటిగా. ఆగకపోతే ఏ తేదీన ఏమన్నాడో రాసిపెట్టుకుని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. యాస మాత్రం మార్చుకోకండి దయచేసి.

ప్రశ్న: ఫ్రెండ్స్‌లో కులం పేర్లు పెట్టి జోకులేసుకుంటాం, ఎవరూ ఏమీ అనుకోరు. తప్పేనా?
అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఏమీ అనుకోరు అని మీరంటున్నారు, వాళ్లు కాదు. గుంపులో నలుగురు నవ్వుతుంటే ఐదోవాడు కూడా నవ్వక ఏం చేస్తాడు. మానేయండి. ఎస్సీ ఎస్టీల్ని నలుగురి ముందు కించపరచాలని కావాలని అవమానిస్తే 1989 నాటి ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద నేరం అని కూడా తెలుసుకోండి.

ప్రశ్న: గాజువాకలో ఉంటా, రాజకీయాల మీద యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నా. డ్రైనేజీ గురించి చేస్తే రెండొందల మంది చూడరు, లీడర్ని నాలుగు తిడితే లక్షల్లో చూస్తారు. మొన్న ఒక నాయకుడి భార్య గురించి, కూతురి గురించి కొంచెం ఘాటుగా అన్నానని బెదిరింపు ఫోన్లు వస్తున్నాయి. భావప్రకటనా స్వేచ్ఛ లేదా ఈ దేశంలో?

జవాబు: ఉంది, రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. ముందు ఆ ఫోన్ల సంగతి, మీరేమన్నా సరే బెదిరించడం నేరమే, భారతీయ న్యాయ సంహిత 351 కింద. నంబర్లు, రికార్డింగులు పెట్టుకుని స్టేషన్‌లో కంప్లైంట్ ఇవ్వండి, ఈ విషయంలో నేను మీ పక్షమే.

నాయకుడిని ఎంత ఘాటుగా విమర్శించినా నాకు అభ్యంతరం లేదు. 1948లో కార్టూనిస్ట్ శంకర్ పత్రిక మొదలుపెట్టినప్పుడు నెహ్రూ గారే నన్ను వదలొద్దు అన్నారు, ప్రధానమంత్రి హోదాలో ఉండి. ఆన్‌లైన్‌లో చిరాకు తెప్పించే మాట అంటే జైల్లో పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా. అంటే ఎవరికో నచ్చనంత మాత్రాన మీ మాట నేరం కాదు. కానీ పరువు నష్టం సెక్షన్ ఇంకా ఉంది, పాత ఐపీసీలో 499, ఇప్పుడు దాని బదులు వచ్చిన న్యాయ సంహితలో 356. అందులో మినహాయింపులు ఉన్నాయి, మీలాంటి పని చేసే ప్రతివాళ్లూ అవి చదవాలని నా కోరిక. ప్రభుత్వ పదవిలో ఉన్న మనిషి చేసిన పని మీద నిజాయితీగా ఏ అభిప్రాయమైనా చెప్పొచ్చు, ఆ పనిలో అతని గుణం ఎంతవరకు కనపడితే అంతవరకు గుణం గురించి కూడా అనొచ్చు, అంతకు మించి మాత్రం కాదు అని రాసుంది. రచయితల గురించి ఇచ్చిన ఉదాహరణ ఇంకా బాగుంటుంది, ‘ఈ పుస్తకం అసభ్యంగా ఉంది, రాసినవాడి మనసు కూడా మలినమే అయ్యుండాలి’ అంటే సరే, ‘వాడు ఎలాగూ తిరుగుబోతే, అందుకే పుస్తకం ఇలా ఏడ్చింది’ అంటే కుదరదు. ఎందుకంటే రెండో మాట పుస్తకంలోంచి రాలేదు. 1860 నాటి చట్టంలో ఉన్న మాట ఇది, గీత ఎక్కడ గీయాలో ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు.

ఇప్పుడు మీ వీడియోకి రండి. ఆ నాయకుడి భార్య ఏ పదవిలో ఉంది, కూతురు ఏ టెండర్ మీద సంతకం పెట్టింది? ఏదైనా చేసుంటే ఆ పని చూపించి అడగండి, ఆడవాళ్లని అడగకూడదని కాదు. ఏమీ చేయకపోతే వాళ్ల ఒంటి గురించో నడవడి గురించో మీరన్న మాటలకి అతని పాలనతో సంబంధం ఏంటి? పార్టీ ఏదైనా మన రాష్ట్రంలో ఈ జబ్బు బాగా ముదిరింది, మగాడి మీద కోపం వస్తే ఇంట్లో ఆడవాళ్లని వీధిలోకి లాగడం. ఇంకో సంగతి, మీరు వాళ్లని తిట్టినంతసేపూ ఆ నాయకుడు హాయిగా ఉంటాడు, జనం సానుభూతి అటు పోతుంది, డ్రైనేజీ మాట అడిగేవాడు ఉండడు.

మీకు విషయం లేక కాదు కదా, గాజువాకలోనే ఉన్నారు. ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటీకరణకి 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది, అప్పట్నుంచి ఏ లీడర్ ఏ గేటు ముందు ఏం మాటిచ్చాడో, గెలిచాక ఓడాక ఏమన్నాడో, ఆ క్లిప్పులు పక్కపక్కన పెట్టి చూపించండి. ఆ మాట మార్చిన ముఖాన్ని ఎంత వెక్కిరించినా తప్పులేదు, జనం కడుపుబ్బ నవ్వుతారు, అతనికి నిద్ర పట్టదు. దీనికి కష్టపడాలి, పాత వీడియోలు వెతకాలి, తిట్టడానికి అవేమీ అక్కర్లేదు, అందుకే అందరూ తిట్టుకే పోతున్నారు.

ప్రశ్న: పెళ్లై ఆరేళ్లు, మాకింకా పిల్లల్లేరు. మా అక్క మొగుడు ప్రతి ఫంక్షన్‌లో దీని మీదే జోక్. మొన్న సీమంతం భోజనాల దగ్గర, బంతిలో అందరూ వింటుండగా, వడ్డించే అబ్బాయితో ‘ఆవిడకి స్వీట్ వేయకు, పెరగాల్సింది పెరగదు, మిగతాదంతా పెరుగుతోంది’ అన్నాడు. అందరూ నవ్వారు. నేను విస్తరి ముందు లేవలేక కూర్చున్నా. బావా మరదళ్ల సరసం కదా, సీరియస్‌గా తీసుకోకు అంటోంది మా అమ్మ.
ఒక సోదరి, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మా, అది సరసం కాదు. మన పెళ్లిళ్లలో వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాటలు పాడటం ఉంది, తిండి గురించీ పిసినారితనం గురించీ ఎన్నో మాటలంటారు, కానీ అటువైపు ఆడవాళ్లు కూడా రెట్టించి పాడతారు, వాటిలో ఉన్నవన్నీ కల్పనే అని ఇద్దరికీ తెలుసు. మీ బావ అన్న మాటకి మీరేం తిరిగి అనగలరు? మీ కన్నీళ్లు, మీ ఆస్పత్రి తిరుగుళ్లు ఆ బంతిలో సగంమందికి తెలుసు, అవి తెలిసీ అన్నాడు.

ఇది మీరొక్కరే మోయాల్సిన పని కాదు. ముందు మీ ఆయనతో చెప్పించండి, ఆయన తోడల్లుడే కాబట్టి ఫోన్ చేసి సూటిగా అడగొచ్చు. మీ అక్కతో కూడా మాట్లాడండి, ఆవిడకి కూడా ఆ రోజు సిగ్గేసే ఉంటుంది. మళ్లీ అంటే మాత్రం నవ్వి ఊరుకోవద్దు, అందరూ వింటుండగానే ‘బావా, ఈ మాట ఇంకెప్పుడూ నా దగ్గర అనొద్దు’ అని గట్టిగా అనేయండి. ఫంక్షన్ పాడైంది అని ఎవరైనా అంటే పాడుచేసింది ఎవరో వాళ్లనే చెప్పమనండి. మీ అమ్మగారికి ఈ పేజీ చూపించండి.